వంద శాతం కవరేజ్, తప్పు తారీఖు బిల్లు: చిన్న టీముకు ఏ టెస్టింగ్ సరంజామా నయం?

పచ్చళ్లు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణానికి కొన్నాళ్లు పనిచేశాను. ఆవకాయ, గోంగూర, పండుమిర్చి, కాకరకాయ కారం. కొనేవాళ్లలో సగానికి పైగా అమెరికాలో ఉన్న మనవాళ్లే. మేం ముగ్గురం డెవలపర్లం. వెనక సర్వర్ వైపు (బ్యాకెండ్) పైథాన్‌లో రాసే జాంగో, ముందు కస్టమర్ చూసే పేజీలకు (ఫ్రంటెండ్) జావాస్క్రిప్ట్‌లో రాసే రియాక్ట్. ఒక ఏప్రిల్ మొదటి వారంలో అకౌంటెంట్ గారు ఫోన్ చేశారు. "ఏప్రిల్ ఒకటో తారీఖున డబ్బు పడిన ఆర్డర్లకు మార్చి 31తో బిల్లులు ఎందుకొచ్చాయి బాబూ?" చూస్తే పదకొండు బిల్లులు, పోయిన ఆర్థిక సంవత్సరం సీరీస్‌లో నంబర్లు వేసుకుని కూర్చున్నాయి.

బిల్లు తారీఖు తీసే ఫైలు తెరిచాను. టెస్టులు నడిచినప్పుడు కోడ్‌లో ఎంత భాగం నడిచిందో చెప్పే కవరేజ్ రిపోర్టులో దాని పక్కన పచ్చగా 100 శాతం.

జరిగింది ఇది. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది. మనకు అర్ధరాత్రి పన్నెండు కొట్టాక ఉదయం అయిదున్నర దాకా యూటీసీలో ఇంకా నిన్నటి తారీఖే. జాంగోలో టైమ్‌జోన్ సెట్టింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు "ఇప్పుడు ఎంతైంది" అని అడిగి, వచ్చిన జవాబులోంచి తారీఖు పీకితే యూటీసీ తారీఖు వస్తుంది. మన తారీఖు కావాలంటే లోకల్‌డేట్ అనే వేరే ఫంక్షన్‌ను పిలవాలి. మేం పిలవలేదు. అమెరికా తూర్పు తీరంలో ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం రెండున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా, అంటే అక్కడి వాళ్లు ఆఫీసు ముగించుకుని పచ్చళ్లు ఆర్డర్ చేసే వేళ, మనకు సరిగ్గా ఆ అయిదున్నర గంటలే. నిజానికి రోజూ రాత్రి బిల్లులు ఒక రోజు వెనక్కి పడుతూనే ఉన్నాయి. ఆర్థిక సంవత్సరం మారిన రాత్రి దాకా ఎవరి కంటా పడలేదు. మా టెస్టు మాత్రం ఎప్పుడూ పాసే. మేం టెస్టులు నడిపేది పగలు, పగలు రెండు తారీఖులూ ఒకటే కదా.

ఫ్రంటెండ్ టెస్టులకు జెస్టా వీటెస్టా, బ్రౌజర్ టెస్టులకు సైప్రసా ప్లేరైటా, ఏ టూల్ మంచిది అని అడిగేవాళ్లకు ముందు ఈ కథే చెబుతాను. అలాగని టూల్ ఏదైనా ఒకటే అనను, తేడాలు గట్టివే ఉన్నాయి. కానీ టూల్‌ను చూడాల్సిన పద్ధతి ఒకటుంది: మీ దుకాణంలో డబ్బు తప్పేది ఎక్కడో, అక్కడ టెస్టు రాయడాన్ని ఏది తేలిక చేస్తే అది మంచి టూల్.

టైమ్ లేనివాళ్లకు నా ఎంపిక ఇక్కడే చెప్పేస్తాను. పైథాన్ బ్యాకెండ్‌కు పైటెస్ట్. వీట్ అనే బిల్డ్ టూల్‌తో కట్టిన ఫ్రంటెండ్‌కు వీటెస్ట్. కస్టమర్‌లా పేజీలు తెరిచి నొక్కి చూసే బ్రౌజర్ టెస్టులకు ప్లేరైట్, అదీ పది లోపే. కవరేజ్‌కు బయటి సర్వీసు వద్దు, మారిన లైన్ల కవరేజ్ చూసే డిఫ్-కవర్ చాలు. ఇవి అయిదారుగురు లోపు టీముకు. యాభై మంది ఉన్న కంపెనీకి లెక్క వేరు.

బ్యాకెండ్: రన్నర్ కన్నా డేటాబేస్ గురించి ఆలోచించండి

జాంగోకు సొంత టెస్ట్ రన్నర్ (టెస్టులను వెతికి నడిపే ప్రోగ్రాం) ఉంది, పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ మీద కట్టింది. పనిచేస్తుంది. పైటెస్ట్‌కు మారితే రెండు లాభాలు. టెస్టుకు కావలసిన డేటాను ఫిక్స్చర్లుగా విడదీసి పెట్టుకోవచ్చు. ఒకే టెస్టును పది రకాల ఇన్‌పుట్‌లతో నడపడం ఒక్క లైను పని. పాత యూనిట్‌టెస్ట్ టెస్టులను కూడా పైటెస్ట్ నడుపుతుంది కాబట్టి ఒక్కరోజులో అన్నీ తిరగరాయక్కర్లేదు, కొత్తవి రాసేటప్పుడు కొత్త పద్ధతిలో రాసుకుంటూ పోవచ్చు. ఇక్కడ పెద్ద చర్చేమీ లేదు.

చర్చ ఉన్నది డేటాబేస్ దగ్గర. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సైటులో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టుకుని, టెస్టులు వేగంగా అవుతాయని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద నడిపే టీములు చాలా ఉన్నాయి. మేమూ అలాగే మొదలుపెట్టాం. చివరి ఆవకాయ సీసాను ఇద్దరికి అమ్మకుండా, ఆర్డర్ వేసేటప్పుడు స్టాకు వరుసకు తాళం వేసే కోడ్ రాశాం. జాంగోలో సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ అంటారు. ఎస్‌క్యూలైట్‌లో ఆ తాళం లేదు, జాంగో ఆ పిలుపును చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, టెస్టు పాస్ అవుతుంది, కవరేజ్‌లో ఆ లైను పచ్చగా కనబడుతుంది. తాళం మాత్రం పడదు. అందుకే ప్రొడక్షన్‌లో ఏ డేటాబేస్ ఉంటే టెస్టుల్లోనూ అదే, వీలైతే అదే వర్షన్. టెస్ట్ డేటాబేస్‌ను ప్రతిసారీ కూల్చి కట్టకుండా వాడినదే మళ్లీ వాడుకునే ఆప్షన్ పైటెస్ట్-జాంగోలో ఉంది. లోకల్‌లో అది పెట్టుకుంటే వేగం గురించి బెంగ ఉండదు.

తారీఖుల సంగతికి వస్తే, టెస్టులో గడియారాన్ని ఆపే లైబ్రరీలు పైథాన్‌లో రెండు వాడుకలో ఉన్నాయి: ఫ్రీజ్‌గన్, టైమ్-మెషీన్. రెంటిలో ఏదైనా తీసుకోండి. మేం ఆ బిల్లుల గొడవ తర్వాత రాసిన టెస్టు ఇంతే: గడియారాన్ని యూటీసీలో మార్చి 31 రాత్రి ఎనిమిది గంటల దగ్గర ఆపు, ఆర్డర్ వెయ్యి, బిల్లు మీద ఏప్రిల్ 1 ఉందా చూడు. నాలుగు లైన్లు. దీంతో కవరేజ్ శాతం పిసరంత కూడా పెరగలేదు, పెరగడానికి వందలో ఇంకేం మిగల్లేదు కనుక.

ఫ్రంటెండ్: జెస్ట్, వీటెస్ట్

ముందు పేరు సంగతి. చాలామంది వైట్, వైటెస్ట్ అంటారు. ఫ్రెంచ్‌లో త్వరగా అని చెప్పే మాట అది, వీట్ అని పలకాలి. ఇంటర్వ్యూలో ఎవరూ మార్కులు కోయరు గానీ తెలిసి ఉంటే మంచిదే.

జెస్ట్ ఫేస్‌బుక్‌లో పుట్టింది, 2014లో ఓపెన్ సోర్స్ అయింది, 2022లో ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది. ఏ ఎర్రర్ వెతికినా జవాబు దొరుకుతుంది. రియాక్ట్ నేటివ్ ప్రాజెక్టు కొత్తగా తెరిస్తే జెస్ట్‌తోనే వస్తుంది, మొబైల్ యాప్ కూడా చేసేవాళ్లు అక్కడే ఉండిపోవడం మేలు. దాని తలనొప్పి కాన్ఫిగరేషన్‌లో ఉంది. కొత్త పద్ధతి ఇంపోర్ట్-ఎక్స్‌పోర్ట్ మాడ్యూళ్లు దానికి ఇప్పటికీ పూర్తిగా ఒంటబట్టలేదు. టైప్‌స్క్రిప్ట్ కోసం బేబెల్ గానీ మరో అనువాదకుడు గానీ మధ్యలో ఉండాలి. వీట్‌తో కట్టిన యాప్‌కు జెస్ట్ పెడితే ఒకే ఇంట్లో రెండు వంటిళ్లు నడిపినట్టే. యాప్‌ను వీట్ ఒక రకంగా కడుతుంది, టెస్టుల కోసం జెస్ట్ ఇంకో రకంగా కడుతుంది, ఫోల్డర్ల ముద్దుపేర్లు రెండు చోట్లా రాయాలి.

వీటెస్ట్ మీ వీట్ కాన్ఫిగరేషన్‌నే తీసుకుంటుంది. 2023 డిసెంబరులో 1.0 వచ్చింది. దాని ఫంక్షన్లు చాలావరకు జెస్ట్ పేర్లతోనే ఉంటాయి, కాబట్టి జెస్ట్ తెలిసినవాళ్లకు కొత్తగా నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మేం 140 టెస్టులను ఒక మధ్యాహ్నం మార్చాం. ఎక్కువ భాగం వెతికి-మార్చు పనే. మాక్‌లు, అంటే అసలు కోడ్ బదులు టెస్టులో పెట్టే నకిలీలు, ఎక్కువగా వాడిన ఆరు ఫైళ్లు మాత్రం కాస్త ఏడిపించాయి.

కొత్త ప్రాజెక్టయితే వీటెస్ట్. జెస్ట్‌లో ఇప్పటికే వెయ్యి టెస్టులుండి, అవి సజావుగా నడుస్తుంటే కదపకండి. రియాక్ట్, వీట్ ఏవీ లేకుండా నోడ్‌లో చిన్న ఏపీఐ రాస్తున్నవాళ్లు నోడ్‌తో పాటే వచ్చే టెస్ట్ రన్నర్‌ను చూడొచ్చు. నోడ్ 20 నుంచి అది స్థిరపడింది, ఏ ప్యాకేజీ దించుకోనక్కర్లేదు.

బ్రౌజర్ టెస్టులు: ఇక్కడ ఎంపిక తప్పితే ఏడాది బాధ

సెలీనియం 2004 నాటిది. అమీర్‌పేటలో సెలీనియం విత్ జావా అనే బోర్డు చూడకుండా మైత్రీవనం దాటడం కష్టం. అది బ్రౌజర్‌ను నడపడానికి వాడే వెబ్‌డ్రైవర్ ప్రమాణం 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సిఫారసు అయింది, అన్ని పెద్ద బ్రౌజర్లూ దాన్ని ఒప్పుకుంటాయి. పెద్ద సర్వీసు కంపెనీల్లో, బ్యాంకుల ప్రాజెక్టుల్లో ఏళ్ల తరబడి రాసిన సెలీనియం టెస్టులు ఉన్నాయి, వాటిని చూసుకునే మనుషులు కావాలి. ఉద్యోగం కోసమైతే తప్పకుండా నేర్చుకోండి. క్రోమ్ అప్‌డేట్ అయిన మర్నాడు డ్రైవర్ వర్షన్ కలవక టెస్టులన్నీ పడిపోయే పాత గోల కూడా తగ్గింది, ఇప్పుడు డ్రైవర్‌ను అదే తెచ్చుకుంటుంది. అయినా ముగ్గురున్న టీముకు నేను చెప్పను. బటన్ కనబడేదాకా ఆగు, స్పిన్నర్ పోయేదాకా ఆగు అని ప్రతిచోటా మనమే రాయాలి. ఒక్కచోట మరిచిపోయినా, పది సార్లలో ఒకసారి కారణం లేకుండా ఫెయిలయ్యే టెస్టు తయారవుతుంది.

సైప్రస్ ఆ బాధను తీర్చింది. టెస్టు నడుస్తుంటే పక్కనే బ్రౌజర్‌లో ఒక్కో అడుగూ కనబడుతుంది, వెనక్కి వెళ్లి ఏ అడుగులో పేజీ ఎలా ఉందో చూడొచ్చు. టెస్టులు ఎప్పుడూ రాయని ఫ్రంటెండ్ వాళ్లకు టెస్టుల మీద ఇష్టం పుట్టించింది ఇదే అంటాను. మేం మొదట దీన్నే పెట్టుకున్నాం. ఇరుకు దాని కట్టుబడిలోనే ఉంది. టెస్టు బ్రౌజర్ లోపలే, మీ పేజీ పక్కనే నడుస్తుంది. కాబట్టి రెండు ట్యాబ్‌లు నడపలేదు. ఒక డొమైన్ నుంచి ఇంకో డొమైన్‌కు వెళ్తే ఆ భాగాన్ని ప్రత్యేకంగా చుట్టి రాయాలి. మన దగ్గర పేమెంట్ అంటేనే ఇంకో డొమైన్, అక్కడి నుంచి బ్యాంకు పేజీ, ఓటీపీ, మళ్లీ వెనక్కి. సఫారీ లాంటి వెబ్‌కిట్ ఇంజిన్ సైప్రస్‌లో ప్రయోగ దశలోనే ఉంది. టెస్టులను నాలుగు యంత్రాలకు తనంతట తాను పంచిపెట్టే సదుపాయం వాళ్ల క్లౌడ్ సర్వీసుతో ముడిపడి ఉంది.

మమ్మల్ని మార్చింది సఫారీ. అమెరికా కస్టమర్ల చేతుల్లో ఎక్కువగా ఐఫోన్లే. కార్ట్ పేజీలో కింది బటన్ ఐఫోన్‌లో కీబోర్డు కింద దాక్కుంటోందని రెండు వారాలు ఫిర్యాదులు వచ్చాయి. మా ముగ్గురి దగ్గరా ఒక్క ఐఫోన్ కూడా లేదు.

ప్లేరైట్‌ను మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసింది. క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడింటినీ అదే దించుకుని నడుపుతుంది, లైనక్స్ మీద కూడా. వెబ్‌కిట్ అంటే అచ్చంగా ఐఫోన్ కాదు. కీబోర్డు లాంటి గొడవలు అందులో పట్టుబడవు, వాటికి అసలు ఫోన్ ఉండాల్సిందే. కానీ తారీఖు పెట్టెలు, లేఅవుట్ తేడాలు, సఫారీ ఒప్పుకోని జావాస్క్రిప్ట్ లాంటివి పట్టేస్తుంది. జావాస్క్రిప్ట్‌తో పాటు పైథాన్, జావా, డాట్‌నెట్‌లలోనూ రాయొచ్చు. జాంగో టీములో ఫ్రంటెండ్ మనిషి సెలవులో ఉన్నా పైథాన్ తెలిసినవాళ్లు టెస్టు సరిచేయగలరు. క్లిక్ చేసే ముందు బటన్ కనబడుతోందా, కదలకుండా ఉందా, నొక్కడానికి వీలుగా ఉందా అని తనే చూసుకుంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ట్రేస్. సీఐలో, అంటే కోడ్ పంపినప్పుడల్లా టెస్టులను దానంతట అదే నడిపే సర్వర్‌లో, టెస్టు ఫెయిలైతే మళ్లీ నడిపేటప్పుడు ప్రతి అడుగుకూ పేజీ నకలు, నెట్‌వర్క్ పిలుపులు, కన్సోల్ అన్నీ ఒక జిప్ ఫైల్లో దాచిపెడుతుంది. ఒకసారి చెకౌట్ టెస్టు సీఐలో మాత్రమే పోయేది, లోకల్‌లో వందసార్లు నడిపినా పాసే. ట్రేస్ తెరిచి చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసింది. పిన్‌కోడ్ టైపు చేశాక ఊరి పేరు తెచ్చే ఏపీఐ జవాబు, "ఆర్డర్ చెయ్యి" నొక్కిన తర్వాత వస్తోంది. ఊరు ఖాళీగా ఉన్న అడ్రసుతో ఆర్డర్ వెళ్లిపోతోంది. అది టెస్టు తప్పు కాదు, నెట్ నెమ్మదిగా ఉన్న కస్టమర్లకు జరుగుతున్నదే. ఫ్లేకీ టెస్టు (కారణం లేకుండా ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్) అని తీసిపారేయబోయాం.

బ్రౌజర్ టెస్టులు ఎన్ని రాయాలి? మావి ఏడు. కార్ట్‌లో వేసి డబ్బు కట్టడం, పేమెంట్ ఫెయిలవడం, కూపన్, విదేశీ అడ్రసు, ఆర్డర్ రద్దు, లాగిన్, అడ్మిన్‌లో స్టాకు మార్చడం. పేమెంటుకు గేట్‌వే వాళ్లు ఇచ్చే టెస్ట్ మోడ్ వాడండి, అసలు బ్యాంకు ఓటీపీ పేజీ జోలికి పోవద్దు. ఏడును నలభై చేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే, ఫెయిలైన నాడు రాత్రి కూర్చుని చూసేదెవరో ముందే అడగండి.

ఈ ఏడింటిలో ఒకదానికైనా తెలుగు పేరు పెట్టండి. అందరూ టెస్ట్ యూజర్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఊరుకుంటారు. శ్రీలక్ష్మి అనే పేరు మన కంటికి మూడక్షరాలు. జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే 11 అంటుంది. ఒత్తులు, పొల్లు, గుడి, దీర్ఘాలు విడివిడిగా లెక్క. పేరును పదికి కత్తిరించే లేబుల్ కోడ్ ఉంటే గుడి ఊడిపోయి శ్రీలక్ష్మ అని అచ్చవుతుంది. మాకు అలాగే అచ్చయింది.

కవరేజ్ అంకె ఏం చెబుతుంది

చిన్న ఉదాహరణ. 999 రూపాయలు, ఆపైన కొంటే డెలివరీ ఉచితం, లేకపోతే 60 రూపాయలు. కోడ్‌లో ముందు ఛార్జీ 60 అని పెట్టుకుంటాం. మొత్తం 999కి సమానం గానీ ఎక్కువ గానీ అయితే ఛార్జీని సున్నా చేస్తాం. తర్వాత ఛార్జీని తిరిగి ఇస్తాం. 1,200 రూపాయల కార్ట్‌తో ఒక్క టెస్టు రాయండి. అన్ని లైన్లూ నడిచాయి, లైన్ కవరేజ్ 100. అయితే షరతుకు దారులు రెండు, మనం నడిచింది ఒకటే, కాబట్టి బ్రాంచ్ కవరేజ్ 50. అందుకే పైథాన్ కవరేజ్ టూల్‌లో బ్రాంచ్ ఆప్షన్‌ను మొదటి రోజే ఆన్ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది.

సరే, 500 రూపాయలతో రెండో టెస్టు రాశాం. బ్రాంచ్ కూడా 100. ఇప్పుడు ఎవరో కోడ్ సర్దుతూ "సమానం గానీ" తీసేశారనుకోండి. సరిగ్గా 999కి కొన్నవాళ్లకు 60 పడుతుంది. రెండు టెస్టులూ పాస్, రెండు అంకెలూ వందే. 998, 999 అనే రెండు విలువలతో టెస్టు ఉంటే తప్ప దొరకదు. ఇంకా ఘోరం, టెస్టులో ఫంక్షన్‌ను పిలిచి ఊరుకుని, వచ్చిన జవాబు సరిచూడకపోయినా కవరేజ్ అంతే వస్తుంది. పై నుంచి 90 శాతం కావాలని హుకుం వస్తే మొక్కుబడిగా రాసే టెస్టులు సరిగ్గా ఇలాగే ఉంటాయి.

ఇలాంటివి పట్టడానికి మ్యుటేషన్ టెస్టింగ్ ఉంది. టూలే మీ కోడ్‌లో చిన్న చిన్న తప్పులు పెడుతుంది, సమానం తీసేస్తుంది, కూడికను తీసివేత చేస్తుంది. ఏ టెస్టూ ఫెయిల్ కాకపోతే మీ టెస్టులు బలహీనమని తేల్చేస్తుంది. జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్, పైథాన్‌కు మ్యుట్‌మట్. మొత్తం ప్రాజెక్టు మీద నడిపితే తెల్లారుతుంది. ధరలు, పన్నులు, కూపన్లు లెక్కేసే రెండు మూడు ఫైళ్ల మీద వారానికోసారి నడిపితే చాలు.

కొలిచే విధానం గురించి ఒక మాట. జావాస్క్రిప్ట్‌లో రెండు దారులున్నాయి. ఇస్తాంబుల్ మీ కోడ్ మధ్యలో లెక్కపెట్టే కోడ్ చొప్పిస్తుంది. వీ8 పద్ధతి జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంజిన్‌నే అడిగి తెలుసుకుంటుంది, వేగంగా ఉంటుంది. ఒకప్పుడు వీ8 అంకెలు కొన్నిచోట్ల వంకరగా ఉండేవి. వీటెస్ట్ 3.2లో ఆప్షన్‌గా వచ్చిన కొత్త లెక్క 4.0 నుంచి డిఫాల్ట్ అయి ఆ తేడా పోయింది. డిఫాల్ట్‌గా ఉన్న వీ8నే ఉంచేయండి.

అందరూ పడే గుంట ఒకటుంది: హారం. టెస్టులు అసలు ముట్టుకోని ఫైళ్లు లెక్కలోకే రాకపోవచ్చు. మూడు పుస్తకాల సిలబస్‌లో ఒక్కటే చదివి, దానిమీదే శాతం వేసుకున్నట్టు ఉంటుంది. జెస్ట్‌లో ఏ ఫైళ్లు లెక్కలోకి రావాలో మనం చెప్పాలి, వీటెస్ట్‌లో ఇంక్లూడ్ జాబితా ఇవ్వాలి, పైథాన్‌లో సోర్స్ ఫోల్డర్ చెప్పాలి. మేం ఇది సరిచేసిన రోజు 84 శాతం కాస్తా 51కి పడింది. మా మేనేజర్‌కు రెండు రోజులు టెన్షన్. కోడ్ ఒక్క అక్షరం మారలేదు.

ఇంతకీ ఎంత ఉండాలి? 2020లో గూగుల్ టెస్టింగ్ ఇంజనీర్లు తమ దగ్గర 60 శాతం పరవాలేదు, 75 మెచ్చుకోదగ్గది, 90 ఆదర్శం అని రాశారు. కోడ్ నాణ్యత చూసే సోనార్‌క్యూబ్ అనే టూల్ డిఫాల్ట్‌గా కొత్త కోడ్‌కు 80 అడుగుతుంది. నేను మొత్తం శాతం మీద గేటు పెట్టను. పాత కోడ్ 40లో ఉన్న ప్రాజెక్టుకు మొత్తం 80 అంటే ఎవరూ మొదలుపెట్టరు. ఈ పుల్ రిక్వెస్టులో (మెయిన్ కోడ్‌లో కలపమని పంపే మార్పులో) మారిన లైన్లలో 80 శాతానికి టెస్టు ఉండాలి అంటే అందరూ ఒప్పుకుంటారు. ఆరునెలల్లో మొత్తం అంకె దానంతట అదే కదిలింది.

రిపోర్టు ఎక్కడ చూడాలి

డిఫ్-కవర్ చిన్న పైథాన్ టూల్. కవరేజ్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు, గిట్ తేడా రెండూ తీసుకుని, మారిన లైన్లలో ఏవి నడవలేదో చూపిస్తుంది, గీత కన్నా తక్కువైతే బిల్డ్‌ను ఎర్రగా చేస్తుంది. జావాస్క్రిప్ట్ టూళ్లు ఇచ్చే ఎల్‌కావ్ ఫార్మాట్ కూడా చదువుతుంది కాబట్టి ఫ్రంటెండ్‌కూ ఇదే. అకౌంటు వద్దు, టోకెన్ వద్దు. పెట్టిన మొదటి రోజు ఒకచోట అందరూ తడబడతారు. గిట్‌హబ్ యాక్షన్స్ మామూలుగా చివరి కమిట్ ఒక్కటే దించుతుంది. పోల్చడానికి మెయిన్ బ్రాంచ్ లేక డిఫ్-కవర్ ఎర్రర్ ఇస్తుంది. ఫెచ్-డెప్త్ సున్నా అని పెడితే చరిత్రంతా వస్తుంది.

గిట్‌ల్యాబ్ వాడేవాళ్లకు ఇంకా సులువు. కోబెర్టురా ఫార్మాట్‌లో ఫైలు ఇస్తే మెర్జ్ రిక్వెస్టులోనే లైన్ల పక్కన పచ్చ, ఎర్ర గీతలు గీసి చూపిస్తుంది.

కోడ్‌కవ్, కవరాల్స్ బయటి సర్వీసులు. పుల్ రిక్వెస్టు కింద కామెంటు పెడతాయి, నెలల తరబడి గ్రాఫు దాస్తాయి, ఫ్రంటెండ్, బ్యాకెండ్ అంకెలను విడివిడిగా చూపిస్తాయి. నాలుగైదు రిపాజిటరీలు, పదిమంది పైన మనుషులు ఉంటే ఈ సౌకర్యానికి డబ్బు పెట్టొచ్చు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టయితే ఆలోచించక్కర్లేదు, పెట్టేసుకోండి. 2021లో జరిగింది మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది జనవరి 31 నుంచి కోడ్‌కవ్ అప్‌లోడ్ స్క్రిప్టును ఎవరో దొంగచాటుగా మార్చారు. అది నడిచిన ప్రతి సీఐలోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే టోకెన్లు, పాస్‌వర్డులు, దుండగుల సర్వర్‌కు వెళ్లేలా చేశారు. స్క్రిప్టు హ్యాష్ కలవడం లేదని ఒక కస్టమర్ గమనించి చెప్పేదాకా, ఏప్రిల్ 1 వరకు, బయటపడలేదు. ఏ సర్వీసుకైనా ఇది జరగొచ్చు. కవరేజ్ పంపే జాబ్‌లో ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డుకు ఏం పని? దాన్ని వేరే జాబ్‌గా విడదీయండి, దానికి కవరేజ్ ఫైలు తప్ప మరేదీ అందనివ్వకండి.

సోనార్‌క్యూబ్ గురించి ఒక అపోహ తీర్చాలి. అది కవరేజ్ కొలవదు. మీ టెస్టులు తయారుచేసిన రిపోర్టును చదివి చూపిస్తుందంతే. ఉచిత కమ్యూనిటీ వర్షన్‌లో పుల్ రిక్వెస్టుల విశ్లేషణ లేదు, మెయిన్ బ్రాంచ్ ఒక్కటే. అంటే తప్పు మెర్జ్ అయ్యాక తెలుస్తుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. కంపెనీలో ఇప్పటికే డబ్బు కట్టిన లైసెన్సు ఉంటే వాడుకోండి, ముగ్గురి టీముకు కొత్తగా సర్వర్ పెట్టి కాపలా కాయొద్దు.

సీఐ నిమిషాల లెక్క

గిట్‌హబ్ ఉచిత ప్లానులో ప్రైవేట్ రిపాజిటరీలకు నెలకు 2,000 నిమిషాలు, గిట్‌ల్యాబ్‌లో 400. ఇవి మారుతుంటాయి, ఎక్కే ముందు చూసుకోండి. మా లెక్క ఇలా ఉండేది: రోజుకు 20 పుష్‌లు (కోడ్ పంపడాలు), నెలకు 22 పనిదినాలు, అంటే 440. అన్ని టెస్టులూ కలిపి 9 నిమిషాలు. 3,960 అవుతుంది, మూడో వారం మొదట్లోనే ఖాళీ. యూనిట్ టెస్టులు మాత్రం ప్రతి పుష్‌కు ఉంచాం, 3 నిమిషాల చొప్పున 1,320. ప్లేరైట్‌ను పుల్ రిక్వెస్టు రివ్యూకు సిద్ధమయ్యాక మాత్రమే నడిపాం, నెలకు 60 సార్లు, ఆరేసి నిమిషాలు, 360. మొత్తం 1,680. కొత్త పుష్ రాగానే పాత రన్‌ను ఆపేసే సెట్టింగ్ పెడితే ఇంకా మిగులుతుంది.

టెస్టులు ఒకసారి యూటీసీలో, ఒకసారి ఏషియా కోల్‌కతా టైమ్‌జోన్‌లో నడిచేలా రెండు జాబ్‌లు పెట్టుకోండి. టెస్టులను ఏమీ మార్చక్కర్లేదు. మేం పెట్టిన వారంలోనే ఇంకో రెండు తారీఖు తప్పులు దొరికాయి. ఒకటి కూపన్ గడువులో, ఇంకోటి అకౌంటెంట్ గారికి రోజూ వెళ్లే ఎక్సెల్ షీటులో.